మీ ఊరి జనాభా లెక్క మీరే తీయండి: ఓరుగల్లు పల్లెల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

పంచాయతీ ఆఫీసుకు వెళ్లి "మన ఊరి జనాభా ఎంత?" అని అడిగి చూడండి. సర్పంచ్ ఒక అంకె చెప్తారు. పక్కనే కూర్చున్న కారోబార్, అంటే పన్నులు వసూలు చేసే పంచాయతీ మనిషి, "అన్ని గడపలు యాడున్నయి సార్" అని తల అడ్డంగా ఊపుతాడు. ఆశా వర్కర్ సంచిలోంచి రిజిస్టర్ తీసి మూడో అంకె చదువుతుంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. సర్పంచ్ చెప్పింది 2011 జనగణన అంకె. కారోబార్ మనసులో ఉన్నది ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్. ఆశా చదివింది ఈ ఏడాది తను తిరిగిన ఇళ్ల లెక్క.

ఊరి చరిత్ర రాయాలన్నా, బడి మూతపడకుండా అర్జీ పెట్టాలన్నా, కాలేజీ ప్రాజెక్టు చేయాలన్నా ముందు ఈ చిక్కు విప్పుకోవాలి. నాలుగు వందల గడపల ఊరికి నలుగురు కుర్రాళ్లు, నాలుగైదు రోజులు చాలు. ఒక్కో ఇంటికి పది నిమిషాలు పడుతుంది. మాటకారి అవ్వ దొరికితే అరగంట.

మొదటి అడుగు: ఊరంటే ఏదో తేల్చుకోండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. జనగణనకు ఊరంటే రెవెన్యూ గ్రామం, అంటే సర్వే నంబర్లు, హద్దులు, విస్తీర్ణం ఉన్న ఊరు. పంచాయతీ వేరు. మనం నోటితో "మా ఊరు" అనేది మళ్లీ వేరు. ఒక రెవెన్యూ గ్రామంలో పెద్ద ఊరు, రెండు శివారు పల్లెలు, నాలుగు తండాలు ఉండొచ్చు. 2011 పుస్తకంలో అవన్నీ కలిసి ఒకే వరుసలో ఉంటాయి.

2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,700 దాటింది. కానీ రెవెన్యూ గ్రామం హద్దులు అంత తొందరగా మారవు. ఆ సంగతి మరిచి 2011 అంకెను, ఇప్పటి పంచాయతీ అంకెను పక్కపక్కన పెడితే ఊరు సగం ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. ఊరు ఖాళీ కాలేదు, తండా వేరు పడింది, అంతే.

అసలు జనమే లేని రెవెన్యూ గ్రామాలూ ఉన్నాయి. మన రికార్డుల్లో వాటిని బేచిరాగ్ అంటారు. దీపం లేని ఊరు అని అర్థం. సున్నా జనాభా చూసి కంగారుపడకండి. మీరు వెతికే జనం పక్క గ్రామం పేరు మీద ఉండొచ్చు.

జిల్లాల గోల ఇంకొకటి. 2011లో వరంగల్ జిల్లా అంటే జనగాం నుంచి ఏటూరునాగారం దాకా పరుచుకున్న పాత జిల్లా. 2016 అక్టోబర్ 11న అది ముక్కలైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరు పడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేర్లు మారాయి. కాబట్టి ఇప్పటి హనుమకొండ జిల్లాలోని కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి ఊళ్లను 2011 కాగితాల్లో కరీంనగర్ కింద వెతకాలి. భూపాలపల్లి జిల్లాలోని కాటారం, మహాదేవపూర్ కూడా అంతే. ములుగు జిల్లాలోని వెంకటాపురం, వాజేడు అప్పట్లో ఖమ్మం. ఇప్పుడు సిద్దిపేటలో ఉన్న చేర్యాల అప్పట్లో వరంగల్.

కాగితం మీద ఒక పటం గీయండి. చేతిగీత చాలు. నేనైతే బొడ్రాయి దగ్గర మొదలుపెడతాను. అక్కడి నుంచి నాలుగు దిక్కులా బజార్లు, వాడలు, కొత్త కాలనీ, చెరువు కట్ట, శివారు పల్లెలు, బావుల కాడ కట్టుకున్న ఇళ్లు. ఈ చివరివే సర్వేల్లో తప్పిపోతాయి. వ్యవసాయ బావి దగ్గర కాపురం పెట్టిన ఇంటికి ఎవరూ నడిచి వెళ్లరు.

రెండో అడుగు: 2011 కాగితం చదవడం

జనగణన శాఖ వెబ్‌సైట్‌లో ప్రాథమిక జనగణన సారాంశం అనే పట్టిక ఉంటుంది. జిల్లా జనగణన హ్యాండ్‌బుక్ కూడా దొరుకుతుంది. దాని మొదటి భాగంలో ఊరి సౌకర్యాలు, రెండో భాగంలో జనాభా అంకెలు. తెలంగాణ అని వెతికితే చాలాసార్లు దొరకదు. 2011లో మనం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాం కదా. ఆంధ్రప్రదేశ్, రాష్ట్రం కోడ్ 28, వరంగల్ జిల్లా కోడ్ 540 అని వెళ్లండి. ఊరికి ఆరంకెల కోడ్ ఉంటుంది. అది రాసిపెట్టుకోండి. రాంపూర్లు, వెంకటాపూర్లు మండలానికొకటి ఉన్న చోట పేరును నమ్మితే పక్క ఊరి లెక్క మీ నెత్తిన పడుతుంది.

ఆ వరుసలో ఇళ్ల సంఖ్య, మొత్తం జనం, మగ, ఆడ, 0-6 ఏళ్ల పిల్లలు (అంటే ఏడు నిండనివాళ్లు), ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనిచేసేవాళ్లు ఉంటారు. ఇవన్నీ 2011 మార్చి 1 నాటి లెక్క. వయసుల వారీగా విభజన, మతం, మాతృభాష ఊరి స్థాయిలో దొరకవు. బీసీల లెక్క అసలే లేదు. ఆ ఖాళీలు పూరించడానికే మనం ఇంటింటికీ తిరిగేది.

పోల్చుకోవడానికి పాత జిల్లా అంకెలు దగ్గర పెట్టుకోండి. 2001లో జనాభా 32,46,004, 2011లో 35,12,576. తేడాను పాత అంకెతో భాగించి వందతో హెచ్చిస్తే పదేళ్ల పెరుగుదల 8.21 శాతం వస్తుంది. వెయ్యిమంది మగవాళ్లకు 997 మంది ఆడవాళ్లు. అక్షరాస్యత 65.11 శాతం.

పాత దశాబ్దాల దాకా వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. 1971కీ 1981కీ మధ్య మన జిల్లాలో ఎస్టీ జనాభా ఒక్కసారిగా ఎగిసినట్టు కనిపిస్తుంది. తండాల్లో పిల్లలు కుప్పలుగా పుట్టలేదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంతంలోని లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. జనం వాళ్లే, గడి మారింది. ఈ మాట రాయకుండా ఆ అంకెలు మాత్రం పెడితే చదివినవాళ్లు ఊరికే వలస కథలు అల్లుతారు.

మూడో అడుగు: ఊళ్లోని రిజిస్టర్లు

పంచాయతీ కార్యదర్శి దగ్గర జనన మరణాల రిజిస్టర్, ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్ ఉంటాయి. అంగన్‌వాడీ టీచర్ దగ్గర గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లల లెక్క ఉంటుంది. చిన్నపిల్లల విషయంలో ఊళ్లో అంతకంటే నమ్మదగిన పుస్తకం లేదు. బడిలో హాజరు పట్టీ ఉంటుంది. కానీ ప్రైవేటు స్కూలు బస్సెక్కే పిల్లలు, గురుకులాల్లో చదివేవాళ్లు అందులో ఉండరు. రేషన్ కార్డులు, జాబ్‌కార్డులు కుటుంబాలను చీల్చి చూపిస్తాయి.

ఓటరు జాబితాలో వయసు, ఆడ మగ ఉంటాయి కాబట్టి 18 దాటినవాళ్లతో సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది. అయితే హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్నవాడి ఓటు ఊళ్లోనే ఉంటుంది. చనిపోయిన పెద్దమనిషి పేరూ కొన్నాళ్లు ఉంటుంది.

ఈ అంకెలన్నిటినీ కలిపి సగటు తీయొద్దు. పన్ను పుస్తకం లెక్కపెట్టేది ఇళ్లను, మనుషులను కాదు. తాళం వేసిన ఇంటికీ పన్ను ఉంటుంది. ఏ అంకె ఎక్కడిదో, ఏ తేదీదో పక్కన రాసి వేరువేరుగా ఉంచండి.

నాలుగో అడుగు: గడప గడపకూ

ముందు ఏ రోజుల్లో తిరగాలో చూసుకోండి. బతుకమ్మ, దసరా రోజుల్లో ఊరు నిండుగా ఉంటుంది. అప్పుడు లెక్కిస్తే ఊరు ఉబ్బిపోతుంది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన ఒక్కరోజు గుర్తుందా? ముంబై నుంచి, హైదరాబాద్ నుంచి జనం బస్సుల్లో నిలబడి మరీ ఊళ్లకొచ్చారు. మేడారం జాతర వారంలో అటువైపు ఊళ్లలో సర్వే అనే మాటే వద్దు. జనవరి నుంచి మార్చి దాకా మిర్చి ఏరే కాలం. అప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలు చేలల్లో గుడిసెలు వేసుకుని ఉంటారు. వాళ్లను లెక్కించాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాలి.

నా పద్ధతి ఇది. గత ఏడాదిలో ఆరు నెలలకు పైగా ఊళ్లో ఉన్నవాళ్లు, లేదా ఇక ఊళ్లోనే ఉండటానికి వచ్చినవాళ్లు ఒక గడిలో. బయట ఉంటూ ఇంటితో పొత్తు ఉన్నవాళ్లు, అంటే దుబాయ్, భివండి, సూరత్, హైదరాబాద్ వెళ్లినవాళ్లు రెండో గడిలో. వచ్చిపోయే కూలీలు మూడో గడిలో. మూడూ కలపొద్దు. ఊరి జనాభా అంటే మొదటి గడి. కానీ ఊరి బతుకు తెలిసేది రెండో గడిలో. భివండి మగ్గాల మీద పనికి ఎంతమంది పోయారో, ఎంతమంది తిరిగొచ్చారో అక్కడ తప్ప ఇంకే కాగితం మీదా ఉండదు.

కుటుంబం అంటే జనగణన నిర్వచనం సులువు: ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. చుట్టరికం కాదు, ఇంటి నంబరు కాదు, పొయ్యి. మీరు పుస్తకం పట్టుకుని వాకిట్లోకి రాగానే వచ్చే మొదటి ప్రశ్న మాత్రం "ఏ పథకం వస్తది సార్?" అనే. ఇల్లో పింఛనో వస్తుందనుకుంటే ఒక పొయ్యి మూడు పొయ్యిలవుతుంది. కాబట్టి మొదట్లోనే ఏ పథకమూ రాదని చెప్పేయండి. కొంతమంది మొహం మాడ్చుకుంటారు, కానీ లెక్క నిజంగా వస్తుంది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ లాంటివి అడగొద్దు. అవి మనకు అక్కర్లేదు. ఈ రోజుల్లో అడిగినా ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. వెంట ఆశానో కారోబార్‌నో తీసుకెళ్తే టెన్షన్ తగ్గుతుంది. ముందురోజు చాటింపు వేయిస్తే ఇంకా మంచిది.

ఒక్కో మనిషికి అడగాల్సినవి ఎక్కువేం కాదు. ఇంటి పెద్దతో చుట్టరికం, ఆడ లేదా మగ, వయసు, పెళ్లయిందా, చదువు, పని, పుట్టిన ఊరు, ఇంట్లో మాట్లాడే భాష, ఏడాదిలో ఎన్ని నెలలు ఊళ్లో ఉన్నారు. వాళ్లకు ఇష్టమైతే కులం. కులం అడిగేటప్పుడు వాకిట్లో నలుగురి ముందు అడగకండి. కొన్ని కులాలకు ఊళ్లో పిలిచే పేరొకటి, వాళ్లు రాయించుకునే పేరొకటి. వాళ్లు చెప్పిందే రాయండి. ఇంకో సంగతి. జనగణనలో హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లనే ఎస్సీలుగా లెక్కిస్తారు, ఎస్టీలకు ఆ నియమం లేదు. అందుకే చర్చికి వెళ్లే కుటుంబాలు ఎక్కువున్న వాడల్లో మీ అంకె, జనగణన అంకె కలవకపోవచ్చు.

భాష దగ్గర కూడా ఒక తమాషా ఉంది. జనగణన పట్టికల్లో లంబాడీ భాష హిందీ గొడుగు కింద కనిపిస్తుంది, కోయ మాత్రం వేరుగా ఉంటుంది. మహబూబాబాద్ వైపు తండాలో గోర్ (లంబాడీ) మాట్లాడే అవ్వకు తను హిందీ లెక్కలో ఉన్నానని తెలిస్తే నవ్వుతుంది. మీ చిట్టాలో ఆమె భాషకు ఆమె చెప్పిన పేరే రాయండి.

పని గురించి అడిగేటప్పుడు ఆడవాళ్ల దగ్గర ఆగండి. "ఏం పని చేస్తరు?" అంటే "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అంటారు. అదే "పత్తి ఏరనీకి పోయినవా? నాటుకు పోయినవా? బీడీలు చేస్తవా?" అని అడిగితే ఏడాదిలో ఎనిమిది నెలల పని బయటపడుతుంది. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పని ఉంటే ప్రధాన శ్రామికులు, తగ్గితే ఉపాంత శ్రామికులు అని జనగణన పంచుతుంది. కౌలుకు చేసేవాళ్లూ సాగుదారుల్లోకే వస్తారు, కూలీల్లోకి కాదు.

వయసు దగ్గర కాసేపు కూర్చోండి

అసలు కష్టం ఇక్కడ. ఒక అవ్వను వయసు అడిగితే "అరవైయో డెబ్బైయో, నువ్వే రాసుకో బిడ్డా" అంది. ఆధార్ కార్డు మీద 1955 జనవరి 1 అని ఉంది. పుట్టినరోజు తెలియని వాళ్లకు ఏడాది మాత్రం చెప్తే జనవరి 1 పడుతుంది కాబట్టి, ఊళ్లో సగం ముసలివాళ్లు ఒకే రోజు పుట్టినట్టు ఉంటారు. కార్డు పక్కన పెట్టి, "గోదారి పెద్ద వరద వచ్చిన యేడు నీకెంతమంది పిల్లలు?" అని అడిగాను. "పెద్దబిడ్డ సంకల ఉండె, ఇంకా పాలు తాగుతుండె. దానికి ముందు ఇద్దరు పోయిన్రు" అంది. ఆ వరద 1986 ఆగస్టు. అంటే పెద్దబిడ్డ 1985లో పుట్టి ఉండాలి. ముందు ఇద్దరు పోయారంటే మొదటి కాన్పు 1980 ప్రాంతంలో. పెళ్లి ఎప్పుడంటే "పెద్దమనిషైన రెండేండ్లకు" అంది. ఆ లెక్కన ఆమె 1962 అటూఇటూ పుట్టింది. కార్డు ఆమెకు ఏడేళ్లు ఎక్కువ వేసింది.

ఇలాంటి గుర్తుల పట్టిక ఒకటి జేబులో ఉంచుకోండి. రజాకార్ల గడ్‌బడ్, పోలీస్ యాక్షన్ 1948. తెలంగాణ గోల 1969. ఎమర్జెన్సీ 1975. ఎన్టీఆర్ మొదటిసారి గెలిచింది 1983 జనవరి. ఇందిరాగాంధీ చనిపోయింది 1984 అక్టోబర్ 31. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015. వీటికి మీ ఊరివి కలపండి: కరెంటు వచ్చిన ఏడు, కాకతీయ కాలువ నీళ్లు మొదటిసారి చేలల్లో పారిన ఏడు, చెరువు తెగిన ఏడు, బొడ్రాయి ప్రతిష్ఠ. ఊరి గుర్తులే బాగా పనిచేస్తాయి.

వయసును అటూఇటూ లాగే సంగతులు మరిచిపోవద్దు. పింఛన్ వయసు దగ్గర మనిషి పెద్దవాడైపోతాడు. కళ్యాణలక్ష్మికి అమ్మాయికి 18 నిండాలి కాబట్టి అక్కడా వయసు పెరుగుతుంది.

ఐదో అడుగు: సరిచూడటం

ఇంటికొచ్చాక అదే రోజు రాత్రి కాగితాలు చూడండి. వారం ఆగితే ఏ ఇల్లు ఏదో మీకే గుర్తుండదు. ఆరేళ్లలోపు పిల్లల పేర్లు అంగన్‌వాడీ పుస్తకంతో పోల్చండి. రోజుల పసికందును ఇంట్లోవాళ్లు చెప్పడం మరిచిపోతారు, నిజంగానే. పదిలో ఒక ఇంటికి వేరే మనిషిని మళ్లీ పంపండి. రెండు లెక్కలు కలవకపోతే ఆ వాడ మొత్తం మళ్లీ తిరగాలి.

వయసులు ఎంత నమ్మొచ్చో చూడటానికి ఒక చిట్కా ఉంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లను తీసుకోండి. వాళ్లలో 0తోగానీ 5తోగానీ ముగిసే వయసు చెప్పినవాళ్లు సుమారు ఐదో వంతు ఉండాలి. మూడో వంతు ఉన్నారంటే మీవాళ్లు 30, 35, 40 అని గుండుగుత్తగా రాసుకొచ్చారన్నమాట.

ఆరో అడుగు: లెక్కలు

ఇక్కడి నుంచి కాలిక్యులేటర్ పని, పెద్దగా చెప్పేదేం లేదు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త.

అక్షరాస్యత ఏడేళ్లు నిండినవాళ్లలోనే తీయాలి. 1,800 మంది ఉన్న ఊరు అనుకుందాం. ఏడేళ్లు నిండని పిల్లలు 180, చదవడం రాయడం వచ్చినవాళ్లు 1,053. పిల్లలను తీసేసి 1,620తో భాగిస్తే 65 శాతం. తీయకుండా 1,800తో భాగిస్తే 58.5. ఒక్క పొరపాటుతో ఊరు ఆరున్నర మెట్లు కిందికి పడుతుంది.

రెండోది పిల్లల్లో ఆడ మగ నిష్పత్తి. 2011లో తెలంగాణ మొత్తం మీద వెయ్యిమంది మగవాళ్లకు 988 మంది ఆడవాళ్లు ఉంటే, ఏడేళ్లు నిండని పిల్లల్లో అది 930 చిల్లర మాత్రమే. ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. కానీ మీ ఊళ్లో 60 మంది మగపిల్లలు, 52 మంది ఆడపిల్లలు ఉంటే నిష్పత్తి 867 అని వెంటనే పెద్దక్షరాలతో రాయకండి. నలుగురు మగపిల్లల చోట నలుగురు ఆడపిల్లలు పుట్టి ఉంటే 56కు 56, అంటే 1,000. చిన్న ఊళ్లో ఒక ఏడాది కాన్పులు అటూఇటూ అయితేనే అంకె గెంతులేస్తుంది. గత పదిహేనేళ్ల జననాలు కలిపి చూడండి, ఇరవై ఊళ్లున్న మండలంతో పోల్చండి. అప్పటికీ అలాగే ఉంటే అప్పుడు మాట్లాడాలి.

వయసుల బొమ్మ కూడా గీయండి. ఐదేళ్లకో మెట్టు, ఎడమన మగ, కుడిన ఆడ. మనవైపు ఊళ్లలో చాలాచోట్ల కింది మెట్లు సన్నగా వస్తాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. 20 నుంచి 35 మధ్య మగవైపు లోపలికి నొక్కినట్టు ఉంటే అది వలస. మీ రెండో గడిలోని పేర్లను ఆ నొక్కులో పెట్టి చూడండి, సరిపోతాయి. 15 నుంచి 59 దాకా ఉన్న ప్రతి వందమంది మీద పిల్లలు, ముసలివాళ్లు కలిపి ఎందరు ఆధారపడ్డారో లెక్కేస్తే, ఇంకో సంగతి తెలుస్తుంది: ఆ ఆధారపడినవాళ్లలో పిల్లల వాటా తగ్గి, అవ్వలు తాతల వాటా పెరుగుతోందా అని.

ఏడో అడుగు: రాసి, చదివి వినిపించడం

మొదటి పేజీలో అంకెల కంటే ముందు మూడు మాటలు ఉండాలి: ఏ హద్దుల లోపల లెక్కించారు, ఏ తేదీలకు, ఎవరిని ఊరివాళ్లుగా తీసుకున్నారు. పేర్లున్న కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. రెండు మూడు ఇళ్లే ఉన్న కులాన్ని విడిగా చూపిస్తే ఆ ఇల్లు ఎవరిదో ఊరందరికీ తెలిసిపోతుంది. అలాంటివి "ఇతరులు" కింద కలపండి. సర్కారు జనగణనలో కూడా 1948 చట్టం ప్రకారం ఒక్కో మనిషి వివరాలు రహస్యమే.

తర్వాత గ్రామసభలోనో రచ్చబండ దగ్గరో చదివి వినిపించండి. తప్పులు అక్కడే దొరుకుతాయి. "మా బావికాడ నాలుగిండ్లున్నయి, ఎవరూ రాలే" అని ఒకరు లేస్తారు. పుస్తకం తీసి, ఆ రోజు సాయంత్రమే అక్కడికి వెళ్లండి.

కొత్త జనగణనకు రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. అందులో కులాల లెక్క కూడా ఉంది. హద్దుల మార్పులను 2025 డిసెంబర్ 31తో ఆపేశారు కాబట్టి, ఆ పట్టికలో మీ ఊరు కొత్త జిల్లా కింద కనిపిస్తుంది. అది చేతికి వచ్చిన రోజు మీ మొదటి గడిని దాని పక్కన పెట్టండి. తేడా వస్తే, ముందు బావుల కాడి ఇళ్లు, తర్వాత మిర్చి కూలీలు ఎటువైపు పడ్డారో చూడండి.